అరిగిన రాణి, అచ్చుపడని రాణి

నేను పని మానేసిన రోజున కరీంనగర్‌లో మా దుకాణం వాళ్లు శాలువా కప్పి, మైకు పట్టుకుని ఒక కథ చెప్పారు. పాత నాణేల వ్యాపారంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ అదే కథ చెప్పుకుంటున్నారు. మెట్‌పల్లి నుంచి ఇద్దరు తోడికోడళ్లు రెండు వెండి రూపాయలు పట్టుకొచ్చారట. చనిపోయిన అత్త వాడిన రూపాయి ఏదో తేల్చమన్నారట. సుగుణ మేడం, అంటే నేను, భూతద్దం పెట్టి ఒక్క చూపు చూసి తేల్చేసిందట. తోడికోడళ్లు ఒకరినొకరు కావలించుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారట.

ఆ కథలో నిజం ఒక్కటే, రూపాయలు రెండు. మిగతాదంతా మైకు మహిమ. ఒక్క చూపు కాదు, పొద్దున మొదలుపెట్టి భోజనం వేళ దాటేదాకా చూశాను, మెడ పట్టేసింది. ఎవరూ ఎవరినీ కావలించుకోలేదు. దగ్గరికొస్తే కొట్టుకుంటారేమో అని మధ్యలో నా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కళ్లనీళ్ల మాట వాస్తవమే కానీ అది పొగ వల్ల వచ్చింది, అందులో నా వాటా కూడా ఉంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఆ కథ విని ఒక్క చూపులో తేల్చడం సాధన చేస్తున్నారని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. మా దుకాణంలో ప్రమోషన్ అంటే కుర్చీ ఫ్యాను కిందికి జరగడం. అది కూడా ఎండాకాలం దాటాకే జరిగేది.

గరిజెల చెక్క

బయటివాళ్లు అనుకునేది ఏమిటంటే, పాత నాణేనికి గ్రేడు ఇవ్వడం అంటే మెరుపు చూసి మార్కులు వేయడం అని. ఫోన్ వీడియోల్లో మీసాలు తిప్పుతూ చెప్పే మహానుభావులంతా మెరుపు గురించే మాట్లాడతారు. మెరుపు కావాలంటే స్టీలు గిన్నె కొనుక్కోండి.

మేం చూసేవి రెండు. నాణెం పుట్టినప్పుడు ఎలా పుట్టింది, పుట్టాక ఎలా బతికింది. రెండోదాన్ని అరుగుదల అంటాం, అందరికీ తెలుసు. మొదటిదే ఎవరికీ పట్టదు. దాన్ని అచ్చు అంటాం. గరిజెల చెక్కలో, అంటే కజ్జికాయలు నొక్కే అచ్చులో, పిండి తక్కువ పెట్టి నొక్కి చూడండి. అంచు పళ్లు పడవు, పువ్వు సగమే వస్తుంది. ఆ గరిజెను ఎవరూ కొరకలేదు, ఎవరూ నాకలేదు, ఇంకా నూనెలో కూడా పడలేదు. అయినా కొరికినట్టే కనిపిస్తుంది. టంకశాలలో కూడా ఇదే తంతు. పై అచ్చుకూ కింది అచ్చుకూ మధ్య వెండి బిళ్ల పెట్టి గుద్దుతారు. దెబ్బ సరిగా పడకపోతే, అచ్చులో లోతుగా ఉన్న చోటికి వెండి ఎక్కదు. అక్కడ, తెల్లదొరల కాలపు రూపాయి మీద ఉండే రాణి బొమ్మకు చెవి పుట్టదు.

చెవి అరిగిపోవడం వేరు, చెవి పుట్టకపోవడం వేరు. ఈ తేడా తెలియని వాళ్లు ఈ పనికి రావద్దు, కూరగాయల వ్యాపారం మంచిది. మేం డెబ్బై దాకా అంకెలు వేస్తాం. అరవై దాటిందంటే చేతులు మారని నాణెం అన్నమాట. చేతులు మారని రెండు నాణేలు పక్కపక్కన పెడితే, రాణి జుట్టు పోగు పోగుగా వచ్చినది పైకి పోతుంది, జుట్టు ముద్దగా వచ్చినది అరవై ఒకటి దగ్గర ఆగుతుంది. అరిగిన నాణెం మాత్రం ఎంత అందంగా పుట్టినా అరవై కిందే. పుట్టుకను బట్టి మనిషిని అంచనా వేయడం పాపం. నాణెం విషయంలో అదే మాకు జీతం.

సాబ్ చెవి

నా మొదటి బాసు ఖాదర్ సాబ్. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఆయన తాతల నాటి దుకాణం. ఎమ్మే చరిత్ర చదివి లెక్చరర్ ఉద్యోగం కోసం తిరుగుతున్న నన్ను ఆయన పనిలో పెట్టుకున్నది నా చదువు చూసి కాదు. గిరాకీతో గట్టిగా మాట్లాడే మనిషి కావాలట. ఆ విషయంలో ఆయన పొరపాటు పడలేదు. తర్వాత ఆయనతోనే ఎక్కువ గట్టిగా మాట్లాడాను.

సాబ్ నాణేన్ని కంటితో చూడడు, చెవితో చూస్తాడు. గాజు బల్ల మీద టంగుమనిపించి, తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని గ్రేడు చెప్తాడు. వెండి మంచిదా కాదా అన్నది మోతలో తెలుస్తుంది, కాదనను. అచ్చు ఎలా పడిందో మోతలో ఎలా తెలుస్తుందని అడిగితే, “బేటీ, జర వినుడు నేర్చుకో, అన్నీ చెప్తది” అనేవాడు. నేను ఎన్నో ఏళ్లు విన్నాను. నాకు చెప్పింది ఏమిటంటే, గాజు బల్ల పగులుతున్నదని.

ఆయన దగ్గర నేర్చుకున్నది మాత్రం ఉంది. ఎంత వెధవ నాణెం తెచ్చిన మనిషికైనా ముందు చాయ్ ఇచ్చేవాడు. చెడ్డ మాట వినేటప్పుడు చేతిలో వేడి గ్లాసు ఉంటే మనిషి చెయ్యి ఎత్తలేడు. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. పిల్లలూ, దీన్ని అండర్‌లైన్ చేసుకోండి.

ఎనిమిది మినార్లు

అచ్చులో తప్పు పడటమే నాణేనికి బలం అవుతుందని నేను నమ్మింది బెల్లంపల్లి ఓదెలు వల్ల. బొగ్గు గనిలో పని చేసి రిటైరైన మనిషి. నిజాం కాలపు చార్మినార్ రూపాయి ఒకటి తెచ్చాడు. దాని మీద చార్మినార్‌కు ఎనిమిది మినార్లు ఉన్నాయి.

సాబ్ టంగుమనిపించి, ఖరాబ్ మాల్ అని పక్కకు నెట్టాడు. నేను ఊరుకోలేదు. బిళ్ల అచ్చులోంచి పూర్తిగా బయటికి రాకముందే రెండో దెబ్బ పడితే ఇలా జంట బొమ్మ వస్తుంది. దొంగతనంగా వైస్‌లో, అంటే మర తిప్పి బిగించే ఇనుప పట్టులో, రెండు నాణేలు పెట్టి బిగించినా జంట బొమ్మ వస్తుంది కానీ, అప్పుడు రెండో బొమ్మ లోపలికి నొక్కుకుపోయి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఓదెలు రూపాయిలో రెండు బొమ్మలూ ఉబ్బెత్తుగా ఉన్నాయి, రెండు వైపులా ఒకే మేర జరిగి ఉన్నాయి. అంటే టంకశాల తప్పే. సేకరించేవాళ్లు దాని కోసం ఎగబడతారు. ఈ సంగతి చెప్తే ఓదెలు సంతోషిస్తాడనుకున్నాను.

అతనికి అమ్మే ఉద్దేశమే లేదు. తోటి రిటైర్డు కార్మికులతో పందెం కట్టాడట, మొదట చార్మినార్‌కు ఎనిమిది మినార్లు అనుకున్నారని, బడ్జెట్ చాలక నాలుగు కట్టారని. ఎనిమిది ఉన్నాయని కాగితం మీద రాసి ముద్ర వేయమన్నాడు. నేను రాయనన్నాను. ఉన్నవి నాలుగే, రెండుసార్లు పడ్డాయి అన్నాను.

“నాలుగు రెండ్లు ఎంత మేడం?” అన్నాడు.

ఎనిమిది అన్నాను.

“గదే రాయుండ్రి.”

సాబ్ ఆ రోజంతా నవ్వాడు. నేను రాయలేదు. కానీ ఎమ్మే చదివిన దానికి ఒకటో తరగతి ఎక్కం దగ్గర నోరు మూతపడటం అదే మొదలు.

పసుపు కుప్ప

ఇప్పుడు అసలు కథ. మెట్‌పల్లి దగ్గర పసుపు పండించే ఇల్లు అది. ఎల్లవ్వ అనే ముసలామె ఆ ఇంటికి పెద్ద. ఏటా పసుపు తవ్వి ఉడకబెట్టే రోజున, పొయ్యి వెలిగించే ముందు, ఆమె పిడికిట్లో దాచిన ఒక కల్దార్ రూపాయిని, అంటే రాణి బొమ్మ వెండి రూపాయిని, బొటనవేలితో రుద్దుతూ మనసులో ఏదో అనుకుని పొయ్యి గడ్డ మీద పెట్టేది. తర్వాతే అగ్గిపుల్ల. ఇప్పుడు పొయ్యీ కడాయీ పోయి, ట్రాక్టర్ వెనక కట్టుకొచ్చే బాయిలర్ వచ్చింది. ఎల్లవ్వ దానికి కూడా అదే మర్యాద చేసింది. రూపాయి ఎవరి చేతిలో ఉంటే మంట వాళ్లే వేయాలని ఆ ఇంటి కట్టడి.

ఎల్లవ్వ పోయిన తర్వాత వచ్చిన మొదటి పసుపు కాలం. ఆమె పెట్టె తెరిస్తే ఒక రూపాయి ఉండాల్సిన చోట రెండున్నాయి. రెండూ రాణివే, రెండూ ఒకే సంవత్సరం. పెద్దకోడలు రాజవ్వ ఒకటి తీసుకుంది. చిన్నకోడలు భాగ్య రెండోది తీసుకుంది. నాదే అత్త రూపాయి అని ఇద్దరూ అన్నారు. తవ్విన పసుపు కుప్ప పోసి ఉంది. ఉడకబెట్టకుండా వదిలేస్తే కొమ్ములు వాడిపోయి రంగు తగ్గుతుంది. అద్దె బాయిలర్ పొలంలో వచ్చి నిలబడింది. ఈ వంతు దాటితే అది కోరుట్ల వైపు పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో దాని ఓనరుకే తెలియదు. ఇద్దరిలో ఎవరూ మంట వేయరు, ఇంకొకరిని వేయనివ్వరు.

అందుకని ఊళ్లో ఎవరో మా దుకాణం పేరు చెప్తే, తెల్లారగానే కారు కట్టుకుని వచ్చారు. ఇద్దరు కోడళ్లు, రాజవ్వ భర్త గంగారాం. భాగ్య భర్త మస్కట్‌లో ఉన్నాడు, ఫోన్లో వీడియో కాల్‌లో వచ్చాడు. అతన్ని సాబ్ గాజు బల్ల మీద చాయ్ గ్లాసుకు ఆనించి నిలబెట్టారు.

చింతపండు

రాజవ్వ ముందు తన రూపాయి పెట్టింది. రాణి చెవి లేదు, చెవి మీది జుట్టు లేదు, ఆ చోటంతా నున్నటి ముద్ద.

“సూడుండ్రి మేడం. మా అత్త బొటనవేలు రుద్ది రుద్ది రాణి చెవే పోయింది. గిది గాక ఇంకేది మా అత్తది? గుడ్డోళ్లకు గూడ తెలుస్తది.”

భాగ్య తన రూపాయి పెట్టింది. దానిలో చెవి ఉంది, జుట్టు గీతలు పలచగా ఉన్నాయి. నీదే అని ఎలా చెప్తావని అడిగాను. “నాదే మేడం” అంది. ఎలా అని మళ్లీ అడిగాను. “నాదే” అంది. కోర్టులో ఇలాంటి సాక్షి దొరికితే వకీళ్లు వృత్తి మానేస్తారు.

నేను రెండింటినీ దీపం కింద తిప్పాను. వాడని నాణెంలో వెలుగు గిర్రున తిరుగుతుంది. వాడిన నాణెంలో తిరగదు. ఆ ఒక్కటి చూస్తే పని సగం అయిపోతుంది. రెండూ ఒకేలా తళతళలాడుతున్నాయి, తోమి బోర్లించిన ఇత్తడి చెంబుల్లా. భూతద్దం కింద పెట్టేశాను.

ఇవి ఎవరు కడిగారని అడిగాను.

“ఇద్దరం గలిసే తోమినం మేడం, పొద్దుగాల” అంది రాజవ్వ గర్వంగా. “చింతపండు, బూడిద పెట్టి మస్తు తోమినం. పెద్ద మేడం సూస్తదంటె మురికి రూపాయి తెస్తమా?”

మంట ఎవరు వేయాలో తేలక పసుపు కుప్పను ఎండబెట్టుకుంటున్న మనుషులు, రూపాయలు తోమడానికి మాత్రం ఒకే గిన్నె దగ్గర కూర్చున్నారు. ఎల్లవ్వ చేతి పసుపు ఏ అక్షరం సందులోనో మిగిలి ఉంటుందనుకున్నాను, అది చింతపండు రసంలో కలిసిపోయింది. వెలుగు పోయింది. గ్రేడు ఎలాగూ పోయింది, తోమిన నాణేనికి మేం అంకె వేయం, తోమినది అని రాసి వదిలేస్తాం. ఈ ఇలాకాలో నా జీవితమంతా చింతపండుతోనే యుద్ధం. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా నా దగ్గరికి వచ్చిన వెండిలో సగం పులుసులో స్నానం చేసి వచ్చింది. పిల్లలూ, మీరు దుకాణం తెరిస్తే బోర్డు మీద పేరు తర్వాత రాయించుకోవచ్చు, ముందు “తోమకండి” అని రాయించండి.

రాజవ్వతో ఆ మాటే కొంచెం పదునుగా చెప్పాను. ఇంట్లో దేవుణ్ణి కూడా తోమే పెడతాం గదా అంది. సాబ్ నా చెవిలో, గిరాకీ పోతది, జర నరంగా, అంటే మెత్తగా, మాట్లాడమన్నాడు. అప్పటికి రెండో చాయ్ వచ్చింది.

వీపు, అంచు

తోమితే పైపొర పోతుంది. అచ్చు దెబ్బ పోదు. ఇక్కడే ఒక్క చూపు వాళ్లంతా బోర్లా పడతారు, ఎందుకంటే వాళ్లు ముఖమే చూస్తారు. నాణేనికి ముఖం చివరన చూడాలి. పెళ్లిచూపుల్లో కూడా ఇది మంచి పద్ధతి.

మొదట రాజవ్వ రూపాయి అంచు చూశాను. అంచు చుట్టూ ఉండే సన్నటి గీతలు గోటికి గరగరా తగిలాయి, కొత్త రంపంలా. చేతిలో ఏళ్ల తరబడి నలిగిన రూపాయికి ఆ గీతలు అలా మిగలవు. తర్వాత వెనక్కి తిప్పాను. రాణి చెవికి సరిగ్గా వెనక, నాణెం వీపు మీద, ఇంగ్లీషులో రూపాయి అని రాసిన అక్షరాల నడుమ, అదే మేర చదునుగా ఉంది. చుట్టూ ఉన్న పువ్వుల తీగ మాత్రం ముల్లు ముల్లుగా నిలబడి ఉంది. అచ్చు దెబ్బ చాలకపోతే నడుమ వెండి ముందుకూ వెనక్కూ రెండు వైపులా ఎక్కదు. అందుకే చదును రెండు వైపులా ఎదురెదురుగా వస్తుంది. బొటనవేలు ముఖం మీద రుద్దుతుంది కానీ, ఎంత భక్తురాలిదైనా వెండిలోంచి దూరిపోయి అవతలి అక్షరాలను రుద్దలేదు.

భాగ్య రూపాయికి అంచు గీతలు మెత్తబడ్డాయి. ముఖం వైపు గట్టు ఒక పక్క సన్నగా జారిపోయింది, బొటనవేలు ఎక్కే చోటు. చెవి ఉంది, కానీ దాని ఎత్తు లేదు. జుట్టు గీతల అడుగులు ఉన్నాయి, శిఖరాలు లేవు. రుద్దితే ఎత్తు పోతుంది, లోతు మిగులుతుంది. అచ్చు పడకపోతే ఎత్తూ ఉండదు, లోతూ ఉండదు, ఖాళీ బిళ్ల చర్మమే ఉంటుంది. భాగ్య రాణి బాగా పుట్టి బాగా బతికింది. రాజవ్వ రాణి సగమే పుట్టి పెట్టెలో పడుకుంది.

ఇదంతా చూడటానికి ఎందుకు అంతసేపు పట్టిందంటే, చూస్తున్నంతసేపూ రాజవ్వ నా భుజం మీదినుంచి వంగి చూస్తుంటే, ఆమె ముక్కు నీడ నాణెం మీద పడుతోంది. గంగారాం సమోసాలు తింటూ బాయిలర్ ఓనరుకు ఫోన్లో, వస్తున్నం అన్నా, ఎల్లినం అన్నా, జగిత్యాల దాటినం అన్నా అని చెప్తున్నాడు. మా ఎదుటే కూర్చుని జగిత్యాల దాటాడు. మస్కట్ తమ్ముడు గ్లాసుకు ఆని మాటిమాటికీ ఎవరు గెలిచారని అడుగుతున్నాడు, క్రికెట్ స్కోరు అడిగినట్టు.

చివరికి చెప్పాను. ఎల్లవ్వ చేతిలో నలిగింది భాగ్య రూపాయి. రాజవ్వది ఎవరి చేతా నలగలేదు, టంకశాలలోనే చెవి పుట్టలేదు.

రాజవ్వ భూతద్దం లాక్కుని తనే చూసింది, ముందు తలకిందులుగా పట్టుకుని, తర్వాత సరిగా. అక్కడితో ఆగేదే. సాబ్ ఊరుకోక, అమ్మా నీదే పెద్ద గ్రేడు మాల్, చేతులు మారనిది, తోమకుంటే అరవై దాటేది అని ఓదార్చాడు. రాజవ్వ ముఖం వెలిగింది.

“అంటె నాదే గొప్పది గద సాబ్?”

“గొప్పదే అమ్మా.”

“గొప్పదాంతోనే గద మా అత్త పొయ్యి ముట్టిచ్చేది?”

సాబ్ నావైపు చూశాడు. నేను ఆయన్ను కాపాడలేదు. గొప్పదీ మీ అత్తదీ ఒకటి కాదని రాజవ్వకు నేనే చెప్పాల్సి వచ్చింది. గ్రేడు అంటే నాణెం ఎంత తక్కువ పని చేసిందో చెప్పే అంకె అన్నాను. అప్పుడు భాగ్య, ఆ పూటలో మొదటిసారి “నాదే” కాకుండా ఇంకో మాట అంది. “గట్లయితె మా బావకు గూడ డెబ్బైకి డెబ్బై ఎయ్యాలె మేడం.”

గంగారాం సమోసా ఆపి చుట్టూ చూశాడు. మస్కట్ వైపునుంచి నవ్వు వినిపించింది. రాజవ్వ నవ్వలేదు. నేను చెప్పింది నాలుగు గోడల మధ్య ఒప్పుకోనని, మెట్‌పల్లికి వచ్చి పొలం దగ్గర అందరి ముందూ చెప్పాలని పట్టుబట్టింది. నా ఉద్యోగంలో పొలానికి పోయి తీర్పు చెప్పడం లేదు. కానీ వాదనలో ఎదుటివాళ్లు పిలిస్తే వెనక్కి పోయే అలవాటు కూడా నాకు లేదు. కారెక్కాను.

మంట

పొలం దగ్గర బాయిలర్ ఉంది, పసుపు కుప్ప ఉంది, పని లేక చింతచెట్టు నీడన కూర్చున్న కూలీలు ఉన్నారు. వాళ్లకు చూడటానికి ఒక మేడం దొరికింది. నేను అంచు, వీపు, చెవి అంతా మళ్లీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విన్నాక ఒకామె తన కడియం వెండిదో కాదో చూడమంది. ఇంకొకాయన తన పన్నుకు వేయించిన తొడుగు చూడమని నోరు తెరిచాడు. నేను దానికి గ్రేడు ఇవ్వనన్నాను. బాయిలర్ ఓనరు మాత్రం, ఎవరిదైతేనేం, ముట్టియ్యుండ్రి అని గోల పెడుతున్నాడు.

తీర్పు అయితే భాగ్య వైపే ఉంది. అందరూ ఆమెవైపు చూశారు. ఆమె తన రూపాయి తీసి బాయిలర్ మూత పక్కన పెట్టింది. కొంగు ముడిలోంచి అగ్గిపెట్టె తీసింది. తీసి, రాజవ్వ చేతిలో పెట్టింది.

“అక్కా, నువ్వే ముట్టియ్యి.”

రాజవ్వ అగ్గిపెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. అది చూడటానికి గంగారాం కూడా లేచి నిలబడ్డాడు. తర్వాత ఆమె అగ్గిపుల్ల గీసింది, ఆరిపోయింది, ఇంకోటి గీసింది. ఎండిన పసుపాకు అంటుకుంది, పొగ మా అందరి మొహాన కొట్టింది. అప్పుడు ఆమె తన రూపాయి కూడా తీసి భాగ్య రూపాయి పక్కన పెట్టబోయి, ఆగి, పిడికిట్లో పట్టుకుని బొటనవేలితో గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. నా ప్రాణం పోయింది. తోమినదే అయినా చేతులు మారని రూపాయి అది. వద్దమ్మా, అరుగుతుంది అన్నాను.

“అరగకుంటెనే గద మేడం మా అత్తది గాదంటివి” అంది. “ఇగ ఎట్ల అరగదో సూస్త.”

నేను ఈ పనిలో చాలా నాణేలు చెడిపోవడం చూశాను. కళ్లముందే, పట్టుదలతో, నా మాట మీద చెడగొట్టింది ఇదొక్కటే. పొగలో కళ్లు తుడుచుకుంటూ భాగ్య పక్కకు పోయి అడిగాను. పొద్దున్నుంచి నీదే నీదే అన్నావు, పసుపు వాడిపోతున్నా తగ్గలేదు, కరీంనగర్ దాకా వచ్చి గెలిచావు, తీరా అగ్గిపెట్టె ఆమెకెందుకు ఇచ్చావు అని.

“పొగ తగ్గినంక చెప్త మేడం” అంది, కట్టె ఎగదోస్తూ.

పొగ ఆ సాయంత్రానికే తగ్గింది. చెప్పలేదు. కారులో ఒక గోనెసంచి పసుపు పెట్టి పంపారు. తర్వాత రెండు మూడుసార్లు ఫోన్ చేశాను. పసుపు రేటు ఎలా ఉందో చెప్తుంది, మస్కట్‌లో ఎండలు ఎలా ఉన్నాయో చెప్తుంది, అక్క వంటింట్లో ఉంది మాట్లాడతారా అని అడుగుతుంది. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పోతుంది. నా కంటి డాక్టరు ఇక సన్న గీతలు చూడొద్దన్నాడు కాబట్టి పని మానేశాను, వాదన మాత్రం మానలేదు. ఆమెకు చూపించుకోవాల్సింది రూపాయి తనదని మాత్రమేనా? లేక అక్కకు అగ్గిపెట్టె ఇవ్వాలంటే ముందు ఆ హక్కు తన చేతికి రావాలనా? లేక అత్త పోయిన ఏడాది ఆ పొయ్యి ముందు కూర్చోవడానికి ఆమెకు భయమేసిందా? మీలో ఎవరైనా పసుపు కాలంలో మెట్‌పల్లి వైపు పోతే, పొగ తగ్గాక భాగ్యను కాస్త అడిగి చెప్తారా?